ఊరిని వాడుక చేసుకోండి

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. ఆ కొట్లోనే జుట్టు నెరిసింది. 2015లో ప్రభుత్వం ఊరికి రాజమహేంద్రవరం అనే పాతపేరు తిరిగి ఇచ్చింది, సంతోషమే. నా నోటికి మాత్రం రాజమండ్రే వస్తుంది. మనవల వయసు పిల్లలు సెలవులకు వచ్చి, "తాతగారూ, మీ ఊళ్ళో ఏం తినాలి, ఏం కొనాలి, కాసేపు ఎక్కడ కూర్చోవాలి?" అని అడుగుతుంటారు. పేర్లు చెప్పడం ఎంతసేపు? మీ ఫోన్లలోనూ ఉంటాయి. ఆ పేర్ల వెనక తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో సగం కొట్టు గుమ్మంలో కూర్చుని నేర్చుకున్నాను. మిగతా సగం ఆలస్యంగా తెలిసింది.

1. వేళ తెలియనివాడికి రుచి చిక్కదు.

ఇక్కడ ప్రతి తిండికీ ఒక పొద్దు ఉంది. పెసరట్టు ఉదయపు తిండి. రాత్రి నానేసిన పెసలను పొట్టుతోనే తెల్లవారుజామున రుబ్బుతారు. మినప్పిండి పులిస్తే బాగుంటుంది, పెసరపిండి పులిస్తే పాడవుతుంది. అందుకే ఏడింటికి పెనం మీద పడిన అట్టుకూ పదిన్నరకు పడిన అట్టుకూ ధర ఒకటే అయినా రుచి ఒకటి కాదు. పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర పడాలి. లోపల ఉప్మా పెట్టించుకుంటే మధ్యాహ్నం భోజనాల దాకా ఆకలి మాటే ఉండదు. పక్కన వేసే అల్లప్పచ్చడిలో బెల్లం తగలాలి. బెల్లం దగ్గర పిసినారితనం చూపిన హోటలు గడప నేను రెండోసారి తొక్కలేదు.

ఎండ నడినెత్తి దాటాక మెయిన్ రోడ్డు మీద రోజ్ మిల్క్. కొట్టు చిన్నది, కూర్చోవడానికి తావుండదు, నిలబడే తాగాలి. చిక్కటి చల్లటి పాలు, గులాబీ వాసన, మీద కోవా. భోజనం చేసిన వెంటనే తాగితే బరువు చేస్తుంది. మూడు దాటాక, కడుపు కాస్త తేలికపడ్డాక వెళ్ళండి. వేసవిలో బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పన్నెండింటికే గుమిగూడి, చెమటలు కక్కుతూ తాగి, "ఇంతేనా?" అనుకుంటూ పోతారు. అది పాల తప్పు కాదు, వేళ తప్పు.

దీపాలు పెట్టే వేళకు పిడతకింద పప్పు. బుట్టలో మరమరాలూ పప్పులూ పోసి, వాటి మధ్య నిప్పులున్న మట్టిపిడత పెట్టుకుని వస్తారు. ఆ సెగకు పప్పులు కరకరలాడుతూనే ఉంటాయి. ఉల్లిముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి చేతికిచ్చాక అక్కడే తినేయాలి. ఇంటికి పట్టుకెళ్తాను, పొట్లం కట్టమంటే అమ్మేవాడు ఇస్తాడు కానీ మొహం చిట్లిస్తాడు. మీరు ఇల్లు చేరేసరికి అది మెత్తబడుతుందని వాడికి తెలుసు.

2. సరుకు చూపిన చేతికీ కూలి ఉంటుంది.

బట్టలు కొనాలంటే తాడితోటకు వెళ్ళండి. అక్కడి మహాత్మాగాంధీ హోల్‌సేల్ క్లాత్ మార్కెట్‌కు చుట్టుపక్కల జిల్లాల చిల్లర వర్తకులు మూటలు కట్టుకుపోవడానికి వస్తారు. విడి గుడ్డ అమ్మే కొట్లూ ఉన్నాయి, అడిగి వెళ్ళాలి. పండగ ముందురోజు వెళ్తే ఎవరూ మీ మొహం చూడరు. మామూలు రోజున, బోణీ అయిపోయాక, భోజనాల వేళకు ముందు వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, వ్యాపారం చల్లబడుతుంది, తగ్గింపు బోర్డులు లేస్తాయి. ఆ నెలలో పంచెలు, తువ్వాళ్ళు, దుప్పట్లు కొనుక్కోండి. పట్టుచీర మాత్రం తగ్గింపు చూసి కాదు, చీర చూసి కొనండి.

ఉప్పాడ, బండారులంక చీరలు మా వైపువే. చేనేత అని చెప్పి మరమగ్గం గుడ్డ అంటగట్టేవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక గుర్తు చెబుతాను. మగ్గం మీద నేసేటప్పుడు గుడ్డ ముడుచుకుపోకుండా రెండంచులకూ మొనలున్న బద్ద గుచ్చి బిగదీస్తారు. ఆ మొనల బెజ్జాలు అంచు పొడుగునా సన్నగా కనబడతాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ఆ చూడటమేదో కొట్టువాడి ఎదురుగానే చూడండి. నిజమైన సరుకున్నవాడు ఏమీ అనుకోడు.

బేరమాడటం తప్పు కాదు. ఆడని వాళ్ళను చూస్తే మాకు ఆటలో తోడు దొరకనట్టుండేది. కానీ అలమారంతా దింపించి, పరుపు మీద చీరలు కుప్ప పోయించి, "మళ్ళీ వస్తాం" అంటూ లేచేవాళ్ళున్నారు. ఆ కుప్పను మడత పెట్టే కుర్రాడికి ఆ పూట తిండి ఆలస్యమవుతుంది. కొనకపోయినా పరవాలేదు. నచ్చనిది మొదట్లోనే చెప్పండి, రంగు చెప్పండి, ధర చెప్పండి.

మా వైపు దోషాలూ చెప్పుకోవాలి. రంగు పోదని నేను నొక్కిచెప్పి అమ్మిన ఎర్ర జాకెట్టు గుడ్డ ఒకటి, మొదటి ఉతుకులోనే ఒకావిడ తెల్లచీర పాడుచేసింది. ఆ రంగు మీద నాకూ నమ్మకం లేదు. యజమాని ఎదురుగా ఉన్నాడని అన్నాను. పోట్లాటకు వస్తుందని రెండు వారాలు భయపడ్డాను. ఆవిడ రాలేదు. తరవాత ఎప్పుడూ రాలేదు. ఏళ్ళ తరబడి మా కొట్లోనే బట్టలు తీసుకున్న కుటుంబమది. గొడవ చేసినవాళ్ళకు సర్దిచెప్పుకోవచ్చు. మాట్లాడకుండా మానేసిన వాళ్ళను వెతికి పట్టుకుని ఏం చెబుతాం? మీకు నచ్చిన కొట్లో తేడా జరిగితే వెళ్ళి గట్టిగా చెప్పండి. అది వాళ్ళకు మీరు చేసే ఉపకారం.

3. పెద్దపేరున్న సరుకు దగ్గర తొందరపడకండి.

పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతకు ఎన్ని ఇళ్ళ డబ్బు ఆవిరైందో నేను చూశాను. సముద్రంలో తిరిగే ఇలస, వరదకాలంలో గోదావరికి ఎర్రనీరు తగిలాక, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. ఆ ఈతలో, ఆ తీపినీటిలో దాని రుచి మారి పులస అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకానే దాని కాలం. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన ఇలసను పులసగా చెప్పి అమ్మడం ఎప్పటి నుంచో ఉంది. ధర వేలల్లో పలుకుతున్నప్పుడు అబద్ధానికీ ధైర్యం వస్తుంది. వాడుకగా చేపలు తెచ్చే మనిషి మీకు లేకపోతే పులస జోలికి వెళ్ళకండి. బొమ్మిడాయిల పులుసు పెట్టించుకోండి. మట్టిదాకలో, సన్నటి సెగ మీద, చింతపండు పులుపుతో, రాత్రి వండి మర్నాడు తినండి. పులస గొప్పతనంలో సగం ఆ వంట పద్ధతిదే అని నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

4. వెంట తీసుకెళ్ళడం వాయిదా వేయకండి.

కొట్లో పనిచేసే మగవాళ్ళం రోజూ బయట టిఫిను చేసేవాళ్ళం. ఇంట్లో ఆవిడకు మాత్రం నేను పొట్లాలే తెచ్చాను. ఆ రోజ్ మిల్క్ కొట్టు ముందు నుంచి ఎన్నిసార్లు ఇద్దరం నడిచి వెళ్ళామో. "నలుగురూ చూస్తుండగా రోడ్డు మీద నిలబడి తాగుతానా?" అని ఆవిడ అనేది. నేను బలవంతపెట్టేవాణ్ణి కాదు. అది మర్యాద అనుకున్నాను. నిజం చెప్పాలంటే బిడియం నాది. మా కొట్టు వాళ్ళెవరైనా చూస్తారేమో అని. చివరికి ఒకనాడు పిల్లలు పట్టుబట్టి తీసుకొచ్చారు. గ్లాసు ఖాళీ చేసి, "ఇన్నాళ్ళూ ఇది మీరొక్కరే తాగుతున్నారా?" అంది. నవ్వుతూనే అంది. కొన్నాళ్ళకే చక్కెర జబ్బు అని తేలింది, డాక్టరు తీపి మానిపించాడు. ఆవిడ పోయాక ఆ కొట్టుకు వెళ్ళడం నేనూ తగ్గించాను.

ఆవిడ నన్ను తీసుకెళ్ళిన చోటు ఒకటుంది, మామిడికాయల బజారు. ఆ బేరాల్లో నేను సంచి మోసేవాణ్ణే. ఆవకాయకు కాయ గట్టిగా, పుల్లగా, పీచుతో ఉండాలి, టెంక ముదిరి ఉండాలి. టెంక ముదరని ముక్క జాడీలో మెత్తబడిపోతుంది. ఆవిడ గోటితో తొడిమ దగ్గర గీరి, వాసన చూసి, పది కాయల్లో రెండు పక్కన పెట్టేది. ఇంటి దగ్గర కడిగి తుడిచిన కాయలను సంచిలో వేసుకుని బజారుకు వచ్చి, పెద్ద కత్తిపీట వాళ్ళతో కొట్టించుకునే ఇళ్ళూ ఉన్నాయి. ముక్కకు నీటి తడి తగిలితే బూజు పడుతుందని మా ఆవిడ పొడిగుడ్డ చేతిలో పట్టుకుని దగ్గరే నిలబడేది. తినే పళ్ళకు మాత్రం తొందరుండేది కాదు. రసాలు, కొత్తపల్లి కొబ్బరి, బంగినపల్లి, సువర్ణరేఖ దేని వంతు దానికే. ఆ పాఠాలు నేను రాసిపెట్టుకోలేదు. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే వచ్చే వేసవిలో సంచి మీరు మోయండి, కాయ ఎందుకు పక్కన పెట్టిందో అడగండి.

5. ఏరున్న ఊళ్ళో ఏటి దగ్గరికి పనిలేకుండా వెళ్ళాలి.

ఊరి మనుషులకు గోదావరి అంటే కార్తీకస్నానం, అస్థికలు, పుష్కరం, బంధువులొస్తే పాపికొండల లాంచీ. అంతే. ఊరికే వెళ్ళి కూర్చునేవాళ్ళు తక్కువ. నా మాట విని, ఎండ వాలాక పుష్కరాల రేవు దగ్గర మొదలుపెట్టి, గట్టు వెంబడి మార్కండేయస్వామి గుడి మీదుగా కోటిలింగాల రేవు వైపు నడవండి. తొందర లేని నడకకు అంతకన్నా మంచి దారి ఈ ఊళ్ళో లేదు. మధ్యలో బజ్జీల బండి కనబడితే ఆగండి. బజ్జీని చీల్చి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండితేనే అది గోదావరి గట్టు బజ్జీ.

ఎదురుగా వంతెనలు కనబడతాయి. 56 స్పాన్ల హేవలాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. ఇప్పుడది పట్టాల పని వదిలేసి నిలబడి ఉంది. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చేదాకా అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు వెళ్ళాలంటే రైలో, లాంచీయో ఎక్కాల్సిందే. 1997లో విల్లు ఆకారపు వంతెన వచ్చింది. దాని ఫొటోలే ఇప్పుడు ఊరి గుర్తుగా తిరుగుతున్నాయి. నాకు మాత్రం పాతదే ఇష్టం.

వానాకాలంలో మాత్రం మెట్లు దిగకండి. ఆ నెలల్లో ఊళ్ళో పలకరింపు కూడా "ధవళేశ్వరంలో ఎన్ని అడుగులు?" అనే. అక్కడి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళం ఈ అంకెలు వింటే ఇప్పటికీ మాట ఆపి వింటాం. ఈ లెక్క మా బతుకుల్లో భాగం.

ఇంకొకటి. 2015 పుష్కరాల తొలి రోజున పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. అందరూ ఒకే రేవులో, ఒకే గడియలో మునగాలనుకున్నారు. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజుల్లో ఏ రోజైనా, ఏ రేవైనా నీళ్ళు ఒకటే. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట నచ్చజెప్పే పని ఇప్పటి నుంచే పెట్టుకోండి.

6. చూసేవాడుంటేనే ఆట.

దసరా రాత్రుల్లో దేవీచౌక్‌కు వెళ్ళండి. అమ్మవారి పందిరి ఎదుట పౌరాణిక నాటకాలు చూసి పెరిగిన ఊరు ఇది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాటకాలు రాసింది, టంగుటూరి ప్రకాశంగారు కుర్రతనంలో వేషాలు కట్టింది ఇక్కడే. పద్యం చివర రాగం సాగదీస్తే మాకు "వన్స్‌మోర్" అనకుండా ఉండబుద్ధి కాదు. మీకు ఆ సాగదీత విసుగనిపించవచ్చు. హార్మోనియం పక్కన చేరి, ఒక్క అంకం ఓపిక పట్టండి. తరవాత లేచిపోయినా ఎవరూ ఏమీ అనరు.

7. ఉత్తినే దొరికేదాన్ని ఊరు ముందుగా మరిచిపోతుంది.

కోటగుమ్మం దగ్గర పుస్తకాల కొట్లున్నాయి. పంచాంగాలు, శతకాలు, వ్రతకథలు, జ్యోతిషాలు, పురాణాలు ఇక్కడి నుంచే ఆంధ్రదేశమంతా వెళ్ళేవి. కొండపల్లి వీరవెంకయ్య, కాళహస్తి తమ్మారావు, గొల్లపూడి వీరాస్వామి అన్న పేర్లు మీ తాతల ఇంట్లోని ఏదో ఒక పాత పుస్తకం మీద ఉండే ఉంటాయి, తిరగేసి చూడండి. ఉగాది ముందు కొత్త పంచాంగం కొనడానికైనా అటు వెళ్తారు జనం. డబ్బిచ్చి కొనేది కాబట్టి గుర్తుంటుంది.

గౌతమీ గ్రంథాలయం సంగతి అలా కాదు. వడ్డాది సుబ్బారాయుడిగారి పేరున్న వసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం అన్న రెండు పాతవి కలిసి ఏర్పడింది అది. తాళపత్రాలు, దొరకని పత్రికల సంపుటాలు అందులో ఉన్నాయి. పరిశోధకులు దూరాల నుంచి వస్తారు. మా కొట్టు నుంచి నడిచి వెళ్ళే దూరమే. పేపరు చదవడానికి వెళ్ళేవాణ్ణి కానీ, లోపలి బీరువాల్లో ఏముందో పదవీ విరమణ దాకా అడగలేదు.

అంతకన్నా సిగ్గుపడాల్సింది దామెర్ల రామారావు చిత్రకళా మందిరం విషయంలో. ఆయన 1897లో పుట్టిన రాజమండ్రి మనిషి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలోని గీతను గుర్తుపట్టి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జె.జె. స్కూలులో చదివి, తిరిగొచ్చి, ఇక్కడే శిష్యులను కూడదీసి, 1925లో మశూచితో పోయాడు. 28 ఏళ్ళయినా నిండలేదు. ఆయన బొమ్మలున్న మందిరం గోదావరి గట్టు మీదే ఉంది. నేను గట్టుకు వెళ్ళినప్పుడల్లా దాని ముందు నుంచే వెళ్ళాను. చీరల కొంగుల మీద బొమ్మలు మెచ్చుకుని జీతం తీసుకున్న మనిషిని, ఆ గుమ్మం ఎక్కింది మాత్రం మనవరాలు లాక్కెళ్ళినప్పుడు. "సిద్ధార్థ రాగోదయం" ముందు నిలబడ్డాను. ఆ ఆడవాళ్ళ చీరల మడతలు చూసి కదలలేకపోయాను. గుడ్డ ఒంటి మీద ఎలా జారుతుందో అంత తెలిసిన చెయ్యిని నేను కొట్లో ఎన్నడూ చూడలేదు. హాల్లో మేమిద్దరమే ఉన్నాం.

హోటలుకూ కొట్టుకూ మీరు వెళ్ళకపోతే ఇంకొకరు వెళ్తారు, వాటికి లోటు లేదు. ఈసారి గట్టుకు వచ్చినప్పుడు ఒక అరగంట ముందుగా బయలుదేరి ఆ మందిరంలోకి వెళ్ళండి, తెరిచి ఉండే వేళ ముందే కనుక్కోండి. ఈ ఊళ్ళోనే ఉండేవాళ్ళయితే గ్రంథాలయానికి అప్పుడప్పుడు కాదు, వాడుకగా వెళ్ళండి. రెండు చోట్లా సందర్శకుల పుస్తకం పెట్టి ఉంటే మీ పేరు రాసి సంతకం చేయండి. ఎవరూ రాని చోటుకు మరమ్మతు డబ్బు అడగడం కష్టం.